మూడు నెలలకోసారి వెళ్లే చోటుకి నా రివ్యూ

హోటళ్లకు రివ్యూలు రాస్తారు, సెల్‌ఫోన్ షాపులకు రాస్తారు, మొన్న ఎవరో బస్టాండులో మరుగుదొడ్డికి కూడా ఒక స్టారు ఇచ్చి కోపంగా నాలుగు లైన్లు రాశారు. పదేళ్లకు పైబడి నేను వెళ్తున్న చోటుకి మాత్రం ఒక్కరూ రాయరు. రాస్తే అక్కడికి వెళ్తామని ఒప్పుకున్నట్టే కదా. అందుకే పేరు పెట్టకుండా నేను రాస్తున్నా. ఇది ఒక ఏఆర్‌టీ సెంటర్ మీద, అంటే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా మందులిచ్చే చోటు మీద, అక్కడిచ్చే మాత్ర మీద రివ్యూ.

నాది అనంతపురం జిల్లాలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఊరు, తెలిసినవాళ్లకు తెలిసిపోతుంది. సెంటర్ ఏ ఊళ్లో ఉందో చెప్పను. మా వైపు ఇలాంటివి ఒకటికి మించి ఉన్నాయి, అందులో ఏదైనా అనుకోండి. చెబితే అక్కడి సిస్టర్ రెండో పేరాకే నన్ను పట్టేస్తుంది, పైగా కొన్ని తిట్లు కూడా రాయబోతున్నా.

ముందు సరుకు సంగతి. ఇప్పుడు మాలో ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. రోజుకు ఒకటే మాత్ర, అందులోనే మూడు మందులు: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. పొద్దున వేసుకున్నా సరే రాత్రి వేసుకున్నా సరే, తిన్నా తినకపోయినా సరే, రోజూ అదే వేళకు పడితే చాలు. దీని విలువ నాకన్నా సెంటర్ లైన్లో నాతో నిలబడే ఒక పెద్దాయనకు బాగా తెలుసు. మన దేశంలో ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది 2004 ఏప్రిల్ 1న, అప్పుడు దేశం మొత్తానికి ఉన్నవి ఎనిమిది సెంటర్లే. ఆయన అంతకు ముందు నుంచే చెన్నై పక్కన తాంబరం ఆసుపత్రికి రాత్రి రైల్లో పోయొచ్చేవాడట. ఆ రోజుల్లో ఇచ్చిన స్టావుడిన్ అనే పాత మందు ఆయన ప్రాణం నిలబెట్టింది, బుగ్గలు మాత్రం పీక్కుపోయాయి, అరికాళ్ల మంటలు ఇప్పటికీ తగ్గలేదు. "మీరంతా అదృష్టవంతులప్పా, మేం మందు తిని బతికినామో, మందే మమ్మల్ని తినిందో తెలీదు" అంటాడు నవ్వుతూ. ఇప్పుడు ఆయన చేతిలోనూ నా చేతిలోనూ ఒకే డబ్బా. తిప్పి చూస్తే ఎక్కువసార్లు హైదరాబాదు కంపెనీ పేరే కనబడుతుంది. హెటెరో, అరబిందో, లారస్ లాంటి మన కంపెనీల నుంచే ఆఫ్రికా దేశాలకు కూడా ఈ మందులు పోతాయని ఫార్మసీ ఆయన చెప్పినప్పుడు, ఎందుకో తెలీదు, కొంచెం గర్వంగా అనిపించింది.

మాత్రకు ఐదు స్టార్లు. డబ్బాకు నాలుగే. ఎందుకంటే అది మోగుతుంది. ముప్పై మాత్రలు, తేమ పీల్చే చిన్న పొట్లం, గట్టి ప్లాస్టిక్కు. బస్సులో బ్యాగు ఒళ్లో పెట్టుకుంటే గుంత వచ్చినప్పుడల్లా గలగల. మా రోడ్ల మీద గుంతలకు కరువా? పక్క సీటువాడు ఒకసారి "ఏందన్నా, గజ్జెలు పెట్టుకొని పోతాండావు" అన్నాడు. అప్పటినుంచి డబ్బాలో దూది కుక్కేవాణ్ణి. తర్వాత మాత్రలన్నీ తీసి మిషను బాబిన్లు పెట్టుకునే డబ్బాలో పోసుకున్నా. ఫార్మసీ ఆయనకు తెలిసి తిట్టాడు, తేమ తగిలితే మాత్ర పాడవుతుందని, ఆ పొట్లం ఊరికే పెట్టరని. ఇప్పుడు రాజీ ఏమిటంటే డబ్బా ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక ఉంటుంది, ప్రయాణముంటే రెండు మూడు మాత్రలే బాబిన్ డబ్బాలోకి వస్తాయి.

ఇంకో జాగ్రత్త, ఇది చాలామందికి తెలీదు. మిషను మీద కూర్చునేవాళ్లకు గ్యాస్ ట్రబుల్ ఉంటుంది, వేళకు తినం కదా. నేను మందుల షాపులో యాసిడిటీ సిరప్పు కొనుక్కొని ఈ మాత్రతో పాటే తాగేవాణ్ణి. అలా కలిపి తాగితే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగ్గా పట్టదట. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత సిరప్పు తాగొచ్చు, ముందే సిరప్పు తాగితే ఆరు గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి. ఐరన్, క్యాల్షియం బిళ్లలు వాడేవాళ్లు కూడా సెంటర్లో ఒక మాట అడగండి.

ఇక నా కథ. 2014లో పదిహేను రోజులకోసారి జ్వరం, నోట్లో తెల్లపూత, ప్యాంటు నడుం రెండుసార్లు లోపలికి కుట్టుకున్నా. సీడీ4, అంటే రోగాలతో పోరాడే తెల్లకణాల లెక్క, 190. అప్పట్లో 350 కంటే తగ్గితేనే మందు మొదలుపెట్టేవాళ్లు, నేను ఎప్పుడో దాటేశా. (2017 నుంచి ఆ లెక్క లేదు, పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ4 ఎంతున్నా మందు మొదలుపెడతారు.) నా భార్యకూ పిల్లవాడికీ పరీక్ష చేశారు, ఇద్దరికీ నెగటివ్. ఆ కాగితం తీసుకొని ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని నేను ఏడుస్తుంటే ఆమె "లెయ్, బస్సు పోతాది" అంది. ఆ తర్వాత ఆ విషయం మీద ఆమె నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

మందులిచ్చే చోటు ఇంటికి దగ్గర్లోనే ఒకటుంది, అక్కడికి మార్చుకుంటావా అని అడిగారు. వద్దన్నా. దగ్గరంటే తెలిసినవాళ్లు. మా యూనిట్లో కటింగ్ మాస్టరు బావమరిది ఆ ఆసుపత్రిలోనే కాంపౌండరు. అందుకని రెండున్నర మూడు గంటల బస్సు ప్రయాణం ఎంచుకున్నా. నాలా ఎంతమందో. మా ఊరివాళ్లు బళ్లారి పోతారు, బళ్లారివాళ్లు ఇటు వస్తారు, దారిలో రెండు బస్సులూ ఎదురుపడుతుంటాయేమో అని నాకు అప్పుడప్పుడూ నవ్వొస్తుంది.

అప్పుడిచ్చింది టీఎల్‌ఈ, అంటే డోలుటెగ్రావిర్ స్థానంలో ఎఫావిరెంజ్ 600. రాత్రి పడుకోబోయే ముందు వేసుకోమన్నారు, ఎందుకంటే వేసుకున్న గంట రెండు గంటలకు తల తిరుగుతుంది, నేల మెత్తగా పరుపులా అనిపిస్తుంది. కలల సంగతి చెప్పనే అక్కర్లేదు. నాకు పదేపదే వచ్చిన కలలో మిషను దానంతట అదే నడుస్తుంటుంది, నా చెయ్యి గుడ్డలాగా దాని కింద జరుగుతూ ఉంటుంది, నొప్పి ఉండదు, కుట్టు మాత్రం చాలా తిన్నగా పడుతుంటుంది. చాలామందికి కొన్ని వారాల్లో ఈ ఇబ్బంది తగ్గిపోతుందన్నారు. నాకు పూర్తిగా తగ్గలేదు.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. దసరా ముందు, సంక్రాంతి ముందు మాకు రాత్రి ఒంటిగంట దాకా ఓవర్‌టైమ్. తొమ్మిదికి మాత్ర వేసుకుంటే పదకొండుకు సూది మీద చూపు నిలవదు. జీన్స్ కుట్టే సూది వేలిలో దిగితే ఎలా ఉంటుందో దిగినవాళ్లకే తెలుసు. కాబట్టి ఓవర్‌టైమ్ రాత్రుల్లో మాత్ర మానేసేవాణ్ణి. అత్తగారింటికి పోతే మానేసేవాణ్ణి, ఎనిమిది మంది ఒకే హాల్లో పడుకుంటే ఎక్కడ వేసుకోవాలి? జాతరకు పోతే మానేసేవాణ్ణి. నన్ను ఎవరైనా అడిగితే "మర్చిపోయా" అనేవాణ్ణి, అక్కడ అందరూ అదే అంటారు. పదేళ్లుగా ఆ బెంచీ మీద కూర్చొని విన్నదాన్ని బట్టి చెప్తున్నా, నిజంగా మర్చిపోయేవాళ్లు తక్కువ. ఎవరో ఒకరు చూస్తారని మానేసేవాళ్లే ఎక్కువ.

సెంటర్‌కి పోయినప్పుడు మిగిలిన మాత్రలతో డబ్బా తీసుకెళ్లాలి, లెక్కపెడతారు. నెలకు ముప్పై మాత్రల్లో ఒకటి తప్పితే 97 శాతం దగ్గర, పరవాలేదు. రెండు తప్పితే 93, అంటే 95 కిందికి పడ్డట్టే, అప్పుడు కౌన్సెలింగ్ పెరుగుతుంది. నాకు నెలకు ఐదారు మిగిలేవి. కాబట్టి ఆసుపత్రి ఎదురుగా ఉగ్గాని బజ్జీ అమ్మే బండి వెనక మురుగు కాలువ ఒకటుంటే, లోపలికి పోయేముందు అందులో ఐదు పారేసి, ఒకటి మాత్రం ఉంచేవాణ్ణి. సున్నా ఉంటే అనుమానం వస్తుందని ఆ ఒకటి. రాయడానికి సిగ్గుగా ఉంది. గ్రీన్ బుక్కులో, అంటే సెంటర్లో మా మందుల లెక్క రాసే పుస్తకంలో, నా పేజీలన్నీ 97 శాతంతో కళకళలాడేవి, డాక్టరు కూడా "శభాష్" అన్నాడు ఒకసారి.

2019లో వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష, చేశారు, అంతకు ముందు నాకు ఎప్పుడూ చేయలేదు. వెయ్యి లోపు ఉండాల్సింది 18 వేలు దాటింది. మాత్రలు లెక్కపెట్టేవాళ్లను ఏమార్చొచ్చు, రక్తాన్ని ఏమార్చలేం.

తిడతారనుకున్నా. ఇంతకు ముందున్న కౌన్సెలరైతే తిట్టేదే, ఆమె ఎవర్ని చూసినా మొదటి మాట "ఎందుకు వేసుకోలేదు" అనే. కొత్తగా వచ్చిన మేడం ఆ మాటే అనలేదు. ఒక తెల్ల కాగితం మీద వారం గీసి "ఏ రోజు ఎక్కడున్నారు?" అని అడిగింది. సోమవారం ఇల్లు, మంగళవారం యూనిట్లో ఒంటిగంట దాకా, బుధవారం అదే, ఆదివారం అత్తగారిల్లు. గీయడం అయ్యాక కాగితం నా వైపు తిప్పింది. తప్పిన మాత్రలన్నీ నేను ఇంట్లో లేని గడుల్లోనే ఉన్నాయి. చూస్తూ చూస్తూ కాలువ సంగతి కూడా చెప్పేశా. ఆమె కాసేపు ఊరుకొని, "సరే, ఈసారి మిగిలినవి పారేయకుండా నాకు తెచ్చివ్వండి, ఎన్నున్నా ఏమీ అనను" అంది. మందు ఒంట్లో అరకొరగా ఉంటే వైరస్‌ దానికి అలవాటు పడి ఆ మందును లెక్కచేయడం మానేస్తుందని, అప్పుడు రెండో లైను మందులకు పోవాలని, అవి ఎక్కువ మాత్రలని, అన్నీ నాకర్థమయ్యే మాటల్లో చెప్పింది. ఓవర్‌టైమ్ రోజుల్లో పని ముగించుకొని వచ్చాక ఒంటిగంటకైనా వేసుకోమంది, మొత్తానికే మానేయడం కన్నా ఆలస్యం నయమని. ఇంత చిన్న మాట ఐదేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడు నెలలు, నెలనెలా కూర్చోబెట్టింది. మళ్లీ పరీక్ష చేస్తే లెక్కకు అందలేదు, వైరస్ కనపడలేదని వచ్చింది. ఇప్పటిదాకా అదే.

కౌన్సెలర్ మేడంకు ఆరు స్టార్లు, ఐదుకు మించి ఇవ్వడానికి లేదంటే ఆ ఒకటి నా దగ్గరే దాచి ఉంచుతా.

2020 లాక్‌డౌన్‌లో బస్సులు లేనప్పుడు మాకు మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చారు. అదే నా జీవితాన్ని మందుకన్నా ఎక్కువ మార్చిందంటే నమ్మరేమో. లెక్క వేసుకోండి: నెలకోసారైతే ఏడాదికి 12 రోజుల కూలి, 12 సార్లు బస్సు చార్జీ, అన్నిటికన్నా మించి యూనిట్లో 12 అబద్ధాలు. మామకు బాగాలేదు, పిల్లోడి స్కూల్లో మీటింగు, బ్యాంకులో పని. మా ఓనరు ఒకసారి "మీ మామ పోయినేడే పోయినాడు కదప్పా" అన్నాడు. ఇప్పుడు నాలుగు అబద్ధాలతో సరిపోతుంది. 2021లో టీఎల్‌డీకి మార్చాక కలలు పోయాయి, తల తిరగడం పోయింది, మాత్ర పొద్దున టీతో పాటే. ఏడు కిలోలు పెరిగా, ఈ మందుతో చాలామంది పెరుగుతారట. వీధిలో అందరూ "ఒళ్లు చేసినావే, షావుకారయినావు" అంటున్నారు. సన్నబడితేనే కదా జనానికి అనుమానం. బొజ్జ వచ్చాక నన్నెవరూ అనుమానంగా చూడటం లేదు.

ఇక తిట్లు. పొద్దున తొమ్మిదికి పోతే బయటపడేసరికి ఒంటిగంటన్నర. బరువు ఒకచోట, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని టీబీ ప్రశ్నలు ఒకచోట, డాక్టరు ఒకచోట, కౌన్సెలర్ ఒకచోట, చివర ఫార్మసీ. ప్రతిచోటా లైను. కౌన్సెలింగ్ గదికి తలుపు లేదు, కర్టెన్ ఉంది. లోపల ఒకామె తన కాపురం సంగతి చెప్పుకుంటుంటే బయట పన్నెండు మందిమి చెప్పులవైపు చూస్తూ కూర్చుంటాం. చాలాకాలం పేర్లు గట్టిగా పిలిచేవాళ్లు, ఇంటిపేరుతో సహా, రెండు వార్డుల అవతలికి వినబడేలా. ఇప్పుడు నంబరు పిలుస్తున్నారు, ఏదో ఫిర్యాదు పోయిందంటారు. ఒక ఏడాది స్టాకు లేదని పది రోజుల మందులే చేతిలో పెట్టారు, అంటే నెలకు మూడుసార్లు రావాలి. 2022లో ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) ఆఫీసు ముందు మా లాంటివాళ్లు నెలకు పైగా కూర్చున్నది ఈ మందుల కొరత మీదే. అక్కడ కూర్చున్నవాళ్లకు నా దండం, నాకైతే అంత ధైర్యం లేదు. ఎదురుచూపుకు రెండు స్టార్లు, కర్టెన్‌కు సున్నా.

మంచి ఇంకోటి మర్చిపోయా. 2019 గొడవకు ముందు రెండు నెలలు నేను పోనేలేదు. ఒకరోజు మా ఇంటికి ఒకామె వచ్చింది, చేతిలో రిజిస్టరు, పొదుపు సంఘం లోను మనిషిలాగే ఉంది. మా పక్కింటామె కూడా అప్పు అడిగింది ఆమెను. లోపలికొచ్చాక మెల్లగా "అన్నా, మందులైపోయి ఎన్ని రోజులైంది?" అంది. సెంటర్‌కి రానివాళ్లను వెతుక్కుంటూ వచ్చే పని ఆమెది. తానూ పాజిటివే, పన్నెండేళ్లుగా మందులు వాడుతోంది. వీధిలో ఒక్కరికి కూడా అనుమానం రాకుండా వచ్చి వెళ్లింది. అంత గుట్టుగా పని చేసేవాళ్లకు జీతం ఎంతో తెలిస్తే సిగ్గేస్తుంది.

బయట ప్రైవేటు ఆసుపత్రి ఒకటి, పేరు వద్దు, నా హెర్నియా ఆపరేషన్‌కి తేదీ ఇచ్చి, రక్త పరీక్ష అయ్యాక "మా దగ్గర ఆ సౌకర్యం లేదు" అంది. ఆ సౌకర్యం అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. అది చట్టానికి విరుద్ధమని సెంటర్లో చెప్పారు. 2017లో చేసిన చట్టం, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది: హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు, ఉద్యోగంలోంచి తీసేయకూడదు, మన ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, బయటపెట్టకూడదు. కేసు పెట్టమన్నారు. పెట్టలేదు. కేసు పెడితే పేరు బయటికొస్తుంది కదా, గుట్టు కాపాడే చట్టాన్ని వాడుకోవాలంటే ముందు గుట్టు వదులుకోవాలేమో అని భయం. పేరు దాచమని కోర్టును కోరే వీలు అదే చట్టంలో ఉందని మేడం తర్వాత చెప్పింది. అప్పటికే పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయిపోయింది. పెన్షన్ సంగతీ అంతే. ఏఆర్‌టీ వాడేవాళ్లకు 2024 జూలై నుంచి నెలకు 4,000 ఇస్తున్నారు, నాకు అవసరమే, కానీ సచివాలయంలో కూర్చునేది మా వీధి పిల్లోడు. ఇప్పటికీ అప్లికేషన్ ఇంట్లోనే ఉంది, బియ్యం డ్రమ్ము వెనక, డబ్బా పక్కనే.

పోయినసారి నర్సింగ్ చదివే పిల్ల ఒకతి ఫారం పట్టుకొని వచ్చింది, జీవన నాణ్యత మీద 31 ప్రశ్నలు, ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయాలి. ఒంట్లో నొప్పులున్నాయా అంటే ఫర్వాలేదు. పని చేసుకోగలుగుతున్నారా, బాగా. నిద్ర, ఇప్పుడు బాగా. డబ్బు సరిపోతోందా, ఎవరికి సరిపోతోంది? మీకు హెచ్‌ఐవీ ఉన్నందుకు జనం నిందిస్తారని ఎంత బాధపడతారు అని వచ్చేసరికి చెయ్యి ఆగింది. నిందించడానికి వాళ్లకు తెలిస్తే కదా. తెలియకుండా చూసుకోవడంలోనే నా శక్తంతా పోతోంది, దానికి ఫారంలో గడి లేదు. మూడు అని గీశా. ఆ పిల్ల "పోనీలే అంకుల్, ఖాళీగా వదిలేసినా పర్లేదు" అంది. నా వైరల్ లోడ్ సంఖ్య అడిగితే ఇక్కడ అందరికీ తెలుసు, ఈ మూడు సంగతి మాత్రం ఆ పిల్ల తప్ప ఎవరూ అడగలేదు. అందుకు సెంటర్‌కి ఒక స్టారు కోత.

కొత్తగా వెళ్లేవాళ్లకు: సోమవారం వద్దు, జాతరలా ఉంటుంది. గ్రీన్ బుక్కుకు పాత క్యాలెండర్ అట్ట వేసుకోండి. మిగిలిన మాత్రలు ఉన్నవి ఉన్నట్టే తీసుకెళ్లండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కి ఫోను చేయొచ్చు, డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు. వైరస్ కనపడనంతగా తగ్గి అలాగే నిలబడితే పడక సంబంధం ద్వారా భాగస్వామికి సోకదు. ఈ మాట మీ ఇంటామె పక్కనుండగా డాక్టరు నోటితోనే చెప్పించండి, మనం చెబితే నమ్మరు.

మొత్తం కలిపి మూడు ఇద్దామనుకున్నా. నా తర్వాతి తేదీ సరిగ్గా సంక్రాంతి ఓవర్‌టైమ్ వారంలో పడింది. ఒక వారం ముందే రావచ్చా అని ఫార్మసీ ఆయన్ను అడిగితే, తలెత్తకుండానే తేదీ కొట్టేసి కొత్తది రాసి, "పండగ ముందు మీవాళ్లంతా ఇదే అడుగుతారప్పా, ప్యాంట్ల గొడవ నాకు తెలీదా" అన్నాడు. నేను ప్యాంట్లు కుడతానని ఆయనకు ఎప్పుడు చెప్పానో గుర్తు లేదు. మూడున్నర.